పూసలకు లైపేజ్ పట్టించేటప్పుడు

అడయార్, చెన్నై

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

తరమణి ప్రయోగశాలలో నీకు హైడ్రోఫోబిక్ (నీటిని అంటనివ్వని) పాలిమర్ పూసలకు లైపేజ్ (కొవ్వులను విడగొట్టే ఎంజైము) పట్టించే పని అప్పగించారని మీ నాన్న చెప్పాడు. ఎంజైమును పూసకు అంటించడం సులువే. అంటుకున్నది పనిచేస్తోందా, పూస మీదే నిలుస్తోందా అన్నది తేల్చడం దగ్గరే చాలామంది తొందరపడతారు.

ముందుగా నీ ఎంజైమును తెలుసుకో. చాలా లైపేజులకు క్రియాస్థానం మీద మూతలాంటి భాగం ఒకటి ఉంటుంది. నీటిలో అది ఎక్కువగా మూసుకొని ఉండి, నూనె తలం తగిలినప్పుడు తెరుచుకుంటుంది. హైడ్రోఫోబిక్ పూస ఆ నూనె తలానికి బదులుగా నిలుస్తుంది కనుక, తెరుచుకున్న లైపేజ్ దానికి గట్టిగా అతుక్కుంటుంది. ఉప్పు తక్కువగా ఉన్న పలుచని ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో), పీహెచ్ 7 దగ్గర చేస్తే మిగతా ప్రోటీన్లు చాలావరకు ద్రావణంలోనే ఉండిపోతాయి. అంటే శుద్ధి కూడా కొంత జరిగిపోతుంది. విరివిగా వాడే నోవోజైమ్ 435లో కాండిడా అంటార్కటికా లైపేజ్ బీ ఆక్రిలిక్ పూసలకు ఇలా అంటుకున్నదే, కాకపోతే దానికి మూత చాలా చిన్నది.

పొడి పూసలను నేరుగా బఫర్‌లో వేస్తే తామరాకు మీద నీటిబొట్టులా నీరు పైపైనే జారుతుంది తప్ప రంధ్రాల్లోకి పోదు. అందుకని మొదట ఇథనాల్‌తో తడిపి, బఫర్‌తో బాగా కడిగి, ఆ తరవాతే ఎంజైము కలుపు. కలపడానికి అయస్కాంతపు కడ్డీ వద్దు, అది పూసలను నూరేస్తుంది. నూరిన పొడిలో ఎంజైము పైకి తేలి చురుకుదనం ఎక్కువగా కనిపించి మురిపిస్తుంది. గొట్టాలను మెల్లగా తిప్పే రొటేటర్ చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది కొలత. పైన తేరిన ద్రావణంలో ప్రోటీన్ తగ్గిందని బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష చెప్పినంత మాత్రాన లైపేజ్ పూసల మీద పనిచేస్తోందని అనుకోకూడదు. పక్కనే పూసలు లేని గొట్టం ఒకటి అదే ఎంజైముతో, అంతేసేపు తిప్పు. మీ గదిలో ఏసీ ఆగితే మే నెల వేడికి ద్రావణంలోని ఎంజైము దానంతటదే సన్నగిల్లవచ్చు, ఆ నష్టాన్ని పూసల ఖాతాలో వేయకుండా ఈ గొట్టం కాపాడుతుంది. పూసల చురుకుదనాన్ని విడిగా కొలువు. ఎంజైము తెంచినప్పుడు పసుపురంగు చూపే నైట్రోఫినాల్‌ను విడుదల చేసే పారా నైట్రోఫినైల్ బ్యుటిరేట్ వాడితే మరో చిక్కు ఉంది: పుట్టిన నైట్రోఫినాల్ పీహెచ్ 7 దగ్గర సగానికి పైగా రంగులేని రూపంలో ఉంటుంది, ఆ రూపం హైడ్రోఫోబిక్ పూసలకు అంటుకుంటుంది. పసుపు తక్కువగా కనబడితే ఎంజైమును నిందించకు. ఎంజైము పట్టించని పూసలను నైట్రోఫినాల్‌తో కలిపి, 405 నానోమీటర్ల వద్ద రీడింగ్ ఎంత పడిపోతుందో చూస్తే ఎంత దాక్కుంటోందో తెలిసిపోతుంది. ట్రైబ్యుటిరిన్ అనే కొవ్వుతో పీహెచ్-స్టాట్ మీద (పుట్టే ఆమ్లాన్ని క్షారంతో సరిచేస్తూ కొలిచే పరికరం మీద) కొలిస్తే ఈ బెడద ఉండదు, మీ దగ్గర ఆ పరికరం ఉంటే అదే మేలు.

ఎంజైము మోతాదు పెంచుకుంటూ పోకు. కొంతదాకా పోయాక లోపలి రంధ్రాల్లోని ఎంజైముకు సరుకు (అది మార్చాల్సిన పదార్థం) చేరక, మోతాదు రెట్టింపయినా చురుకుదనం రెట్టింపు కాదు.

నూనెలు, ఎస్టర్లతో పని అయితే ఆరబెట్టిన పూసలను గట్టి మూత డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచు. ఈ సముద్రపు గాలిలో అవి తేమ పీల్చుకుంటే, ఆ నీరే ఎస్టర్ తయారీని వెనక్కి లాగుతుంది.

చివరి పరీక్షను ఎట్టి పరిస్థితుల్లోనూ మానవద్దు. చర్య సగంలో ఉండగా పూసలను వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని అదే వేడిలో కొనసాగించు. అందులో మార్పు ఇంకా సాగుతుంటే ఎంజైము పూసల నుంచి ఊడివస్తోందన్నమాట. ట్రైటాన్ ఎక్స్-100 వంటి డిటర్జెంట్లు దాన్ని సులువుగా ఊడదీస్తాయి కనుక, నీ సరుకులో అలాంటివి ఉన్నాయేమో ముందే చూసుకో. ప్రోటీన్లను ఒకదానితో ఒకటి బంధించే గ్లుటరాల్డిహైడ్‌తో బిగిద్దామని ఎవరైనా తొందరపెడితే ఈ ఫలితం వచ్చేదాకా ఆగమను. దాంతో కొన్నిసార్లు చురుకుదనమే పోతుంది.

ఇట్లు,
నీ పెదనాన్న