వైజాగ్ రాళ్ల మీది బుల్లి నత్తలు సీసాలోంచి పైకి ఎందుకు పాకేస్తున్నాయి?

తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద నుంచి తెచ్చిన నత్తల్ని సముద్రపు నీళ్ల సీసాలో వేస్తే అన్నీ పైకి పాకేస్తున్నాయి, నీళ్లు పడలేదా అని అడిగారు. నీళ్లు పడక కాదండి, ఎక్కువై.

చిన్నప్పుడు నేనూ ఇదే పని చేశాను. హార్లిక్స్ సీసాలో డజను నత్తలు వేసి, మూత పెట్టకుండా పడుకున్నాను. పొద్దున్న చూస్తే సగం సీసా మెడకి అతుక్కున్నాయి, మిగతావి గోడెక్కాయి. ఒకటి నాలుగు రోజుల తర్వాత క్యాలెండర్ వెనకాల దొరికింది. చచ్చిందనుకుని మిగిలిన సముద్రపు నీళ్లలో పడేస్తే, కాసేపటికి కొమ్ములు బయటపెట్టింది!

గుల్ల మీద ఉన్నాయని మీరు చెప్పిన గోధుమరంగు వంకర గీతల్ని బట్టి అది లిట్టొరేరియా అండ్యులేటా అనే జాతి అనుకుంటున్నాను. లాటిన్‌లో అండ్యులేటా అంటే అలల్లాంటి గీతలున్నదని. సముద్రపు నత్తే గానీ మునిగి ఉండదు. వైజాగ్‌లో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా ఆటుకీ పోటుకీ తేడా సుమారు 1.4 మీటర్లే. ఆ పోటు గీతకి కాస్త అటూఇటూగా, తుంపర తగిలే చోట ఇవి ఉంటాయి. బార్నకిల్స్ (రాయికి అతుక్కుని బతికే బుల్లి గుల్ల జీవులు), ఇంకా దిగితే ఆకుపచ్చ నాచు, అవన్నీ వీటి కిందే. ఇక్కడి కొండల్లో దొరికే మన ఖొండలైట్ రాయి గుంటలూ సందులూ పడి ఉంటుంది కాబట్టి దాక్కోవడానికి చోటుకి లోటు లేదు.

మే నెల మధ్యాహ్నం, రాయి మీద అరికాలు ఆననప్పుడు వెళ్లి ఒకదాన్ని దగ్గరగా చూడండి. ఒళ్లంతా లోపలికి లాక్కుని, గుల్ల నోటికున్న మూత బిగించుకుని, ఎండిన జిగురుతో గుల్ల అంచుని మాత్రమే రాయికి అంటించుకుని ఉంటుంది. మెత్తటి ఒళ్లు రాయికి తగలనే తగలదు. గోటితో మీటితే టక్కున రాలిపోతుంది. తడి తగిలాకే కదులుతుంది. ఆకురాయిలాంటి నాలుకతో రాతి మీది సన్నటి పాచిని గీక్కుని తింటుంది. గుడ్లు మాత్రం నీళ్లలోకే వదులుతుంది. పిల్లలు కొన్నాళ్లు సముద్రంలో ఈది, తర్వాత రాయిని పట్టుకుంటాయి.

ఇంట్లో ఉంచుకోవాలని ఉంటే ఒకట్రెండు రోజులు చాలు. వెడల్పు గిన్నెలో రెండు వేళ్ల లోతు సముద్రపు నీళ్లు, మధ్యలో నీళ్ల పైకి కనిపించేంత ఎత్తు రాయి, పైన వల గుడ్డ. కుళాయి నీళ్లు వద్దు. తర్వాత తెచ్చిన చోటే, అదే ఎత్తులో, ఏదైనా సందులో పెట్టేయండి. బండ మీద ఊరికే వదిలేస్తే, పట్టు దొరికేలోపే అల లాక్కుపోతుంది.