విమానం ఒరిగిందా, వంగిందా?

సందేహం: ఒకే విమానం గురించి ఒకరు ‘ఎడమకు వంగింది’ అని, ఇంకొకరు ‘ఒరిగింది’ అని, మరొకరు ‘తిరిగింది’ అని రాస్తున్నారు. మూడూ ఒకటేనా? పిచ్, రోల్, యా అనే మాటలకు తెలుగులో ఏమనాలి?

సమాధానం: ఒకటి కావు. వంగితే ఆకారం మారుతుంది. కొమ్మ వంగుతుంది, రేకు వంగుతుంది. ఒక రెక్క కిందికి, రెండోది పైకి వెళ్తే విమానం ఆకారమేమీ మారదు. అది ఒరగడం. రోల్ అంటే ఇదే. ‘వాలింది’ అంటే పక్షిలా ఎక్కడో దిగిందనుకునే ప్రమాదముంది. ‘నేలకొరిగింది’ అంటే ఇక చెప్పేదేముంది, పని అయిపోయినట్టే!

పిచ్ అంటే ముక్కు ఎత్తడం, దించడం. దీన్ని ‘పైకి లేచింది’, ‘కిందికి దిగింది’ అని మార్చేయకూడదు. రన్‌వేను తాకే ముందు విమానం ముక్కు ఎత్తే ఉంటుంది, విమానం మాత్రం దిగుతూనే ఉంటుంది. వెనక చక్రాలు ముందుగా నేలను తాకేది అందుకే. స్టాల్ అయిన, అంటే రెక్కలు పైకెత్తి ఉంచే బలం బాగా తగ్గిపోయిన విమానం, ముక్కు పైకెత్తుకునే కిందికి పడిపోవచ్చు.

అసలు తికమక యా దగ్గర. ఇది ముక్కు పక్కకు తిరగడం. ‘ముక్కు’ వదిలేసి ‘విమానం ఎడమకు తిరిగింది’ అంటే దారే మారిందనుకుంటాం. పక్కగాలి వీస్తున్నప్పుడు పైలట్ ముక్కును గాలి వచ్చే వైపు తిప్పి ఉంచి, తిన్నగా రన్‌వే మీదికే వస్తాడు. ముక్కు తిరిగింది, దారి మారలేదు. దారి మారితే ‘మళ్లింది’ అనండి.

ఇందులో ఒక తమాషా ఉంది. విమానాన్ని మళ్లించేది ప్రధానంగా తోక మీది చుక్కాని కాదు, ఒరిగించడమే. ఎడమకు ఒరిగించబోతే పైకి లేచే కుడి రెక్కకు గాలి అడ్డు పెరిగి, ముక్కు కుడికి లాగుతుంది. ఆ లాగుడును చుక్కాని సరిచేస్తుంది. రైట్ సోదరులు 1902లో తమ గ్లైడర్‌కు కదిలే చుక్కాని పెట్టింది ఈ చిక్కు తీర్చడానికే.

ఈ మూడింటినీ కలిపి చెప్పే యాటిట్యూడ్‌ను కొందరు ‘వైఖరి’ అంటున్నారు. విమానానికి వైఖరేమిటి? ‘విమానం ఉన్న తీరు’ చాలు, లేదా యాటిట్యూడ్ అనే రాసేయండి.

ఇంకొకటి. ‘ఒరిగింది’, ‘ఒరిగించాడు’ ఒకటి కావు. గాలి తాకిడికి ఒరిగిందో, పైలటే ఒరిగించాడో తేలేదాకా ‘ఒరిగింది’ అనే రాయాలి.