ఐసీయూలో ఉన్నవారికి ప్రోబయోటిక్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ సెప్సిస్‌గా (ఒళ్లంతా ప్రభావం చూపి అవయవాలను దెబ్బతీసే స్థితి) మారి ఐసీయూలో చేర్చాం. మెడకు సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి మందులు పంపే ట్యూబు), ముక్కులో గొట్టం ఉన్నాయి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరుగుతోంది. ప్రోబయోటిక్ (బతికున్న మంచి సూక్ష్మజీవులున్న మందు) ఇస్తే కిడ్నీలు, లివర్ పాడవకుండా ఉంటాయని బంధువులు పొడి ప్యాకెట్లు తెచ్చారు. గొట్టంలో వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. ఆయన మంచం దగ్గర ఆ ప్యాకెట్ చింపను కూడా చింపకండి. అందులో శాకరోమైసిస్ బౌలార్డీ ఉంటే అది బతికున్న ఈస్ట్. చింపినప్పుడు లేచే పొడి చేతులకు అంటి, సెంట్రల్ లైన్ మూత దగ్గర చేరి, నేరుగా రక్తంలోకి వెళ్లిన సందర్భాలున్నాయి.

మీ బంధువులు చెప్పినదానికి ఆధారం లేకపోలేదు. సెప్సిస్‌లో పేగుకు రక్తం తగ్గి లోపలి పొర సడలుతుంది. బ్యాక్టీరియా విషాలు ముందు లివర్‌కు, అక్కడినుంచి ఊపిరితిత్తులకు, కిడ్నీలకు చేరతాయి. ముందుగానే లాక్టోబాసిల్లస్ అనే ప్రోబయోటిక్ బ్యాక్టీరియా ఇచ్చిన ఎలుకల్లో ఈ నష్టం తగ్గింది. కానీ మీ నాన్నగారికి జబ్బు ముదిరాక ఇవ్వాలనుకుంటున్నారు. పైగా డ్రిప్‌లో వెళ్లే యాంటీబయోటిక్ ఆ మంచి బ్యాక్టీరియానూ చంపేయవచ్చు.

మనుషుల్లో ఫలితాలు వేరు. కెనడా, అమెరికా, సౌదీ అరేబియాల్లో వెంటిలేటర్ మీదున్న 2,650 మందిపై జరిగిన ప్రోస్పెక్ట్ అనే పరీక్షలో సగం మందికి రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ వెయ్యి కోట్ల లాక్టోబాసిల్లస్ ఇచ్చారు. వెంటిలేటర్ మీదుండగా వచ్చే న్యుమోనియా ఇచ్చినవారిలో 21.9 శాతం, ఇవ్వనివారిలో 21.3 శాతం. మరణాలూ తగ్గలేదు. రక్తంలోనో, ఉండకూడని మరోచోటో అదే బ్యాక్టీరియా బయటపడటం ఇచ్చినవారిలో 15 మందికి, ఇవ్వనివారిలో ఒక్కరికి జరిగింది. 2008లో వెలువడిన నెదర్లాండ్స్ పరీక్ష ఇంకా భయపెట్టింది: తీవ్ర పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) రోగుల్లో ప్రోబయోటిక్ తీసుకున్నవారు 16 శాతం చనిపోగా, తీసుకోనివారిలో 6 శాతమే. తీసుకున్నవారిలో తొమ్మిదిమందికి పేగుకు రక్తం ఆడకుండా పోయింది.

ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులపై జరిగిన ప్రోబయోటిక్ పరీక్షలో మాత్రం సెప్సిస్, మరణాలు కలిపి 9 నుంచి 5.4 శాతానికి తగ్గాయి. వాళ్లు తల్లిపాలు తాగుతున్న ఆరోగ్యవంతమైన పిల్లలు. వారం రోజులు ఇచ్చింది ఇన్ఫెక్షన్ రాకముందు.

ఇప్పుడు కిడ్నీలను కాపాడేవి సరైన యాంటీబయోటిక్, తగినంత ద్రవాలు, నిలకడగా ఉండే బీపీ. డాక్టర్‌ను ఇవి అడగండి: గంటకు మూత్రం ఎంత వస్తోంది (60 కిలోల మనిషికి కనీసం 30 మి.లీ. రావాలి)? మూత్రదారిలో రాయి అడ్డుందేమో స్కాన్ చేశారా? మందుల మోతాదు క్రియాటినిన్‌కు తగ్గట్టు మార్చారా? గొట్టం ద్వారా ఆహారం మొదలైందా? కడుపులోకి కొద్దిగానైనా ఆహారం వెళితే పేగు పొరకు మేలు.

సెంట్రల్ లైన్ తీసేసి, నోటితో మామూలుగా తింటున్నప్పుడు డాక్టర్ సరేనంటే ఇంట్లో తోడుపెట్టిన పెరుగు పెట్టండి. కీమోథెరపీ, స్టెరాయిడ్లు వాడుతున్నవారైతే ఆ సంగతి ముందే చెప్పి అడగాలి.