కులం గురించి అడిగితే మా అమ్మాయి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి సియాటెల్‌లో ఉంటోంది. పోయిన ఏడాది పిల్లల స్కూల్లో దీపావళి గురించి మాట్లాడటానికి పిలిస్తే వెళ్లింది. ఒక టీచరు కులాల సంగతి అడిగితే, ‘అది బ్రిటిష్ వాళ్లు పెట్టిన చిచ్చు, ఇప్పుడేం లేదు’ అని చెప్పి వచ్చిందట. ఈ ఏడాదీ పిలిచారు. మళ్లీ అడుగుతారేమోనని దానికి ఒకటే టెన్షన్. ఉన్నదున్నట్టు చెబితే మన ధర్మాన్ని మనమే పరాయివాళ్ల ముందు పలచన చేసుకున్నట్టు కాదా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పింది ఆ టీచరు నమ్మి ఉండకపోవచ్చు. 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది ఆ సియాటెల్ నగరమే. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు చట్టసభలో నెగ్గినా, ఉన్న చట్టాలే చాలంటూ గవర్నర్ వీటో చేశారు. ఇలాంటి చట్టాలతో హిందువులందరినీ అనుమానంగా చూస్తారని భయపడినవాళ్లూ అక్కడున్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అలాగని లేనిపోనిది చెబితే ఎలా?

బ్రిటిష్ వాళ్లు జనాభా లెక్కల్లో కులాలను రాసి, వరసలు కట్టి, గీతలను ఇంకా ముదరబెట్టిన మాట నిజమే. అంతకుముందు లేవంటే మాత్రం కుదరదు. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలకూ కలిపి చాపకూడు పెట్టాడని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. పన్నెండో శతాబ్దపు కథ అది. అప్పటికే అందరూ కలిసి తింటుంటే అందులో గొప్పేముంది?

ఇక ‘ఇప్పుడేం లేదు’ అన్న మాట. మీకు దగ్గర్లోనే, భీమవరం పక్క గరగపర్రులో, 2017లో అంబేడ్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులను వెలివేశారు, పొలం పనులకు పిలవడం మానేశారు. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు కలుపుతామంటే అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు.

నా చిన్నప్పుడు మా రాజోలు వైపు ఊళ్లో, మంచినీళ్ల చెరువులోకి దళితపేటవాళ్లు దిగకూడదు. ఎవరైనా తోడిపోస్తారేమోనని బిందెతో గట్టు మీద నిలబడేవాళ్లు. మా నాన్నగారు రెండు పూటలా పూజ చేసేవారు. మా పాలేరు టీ గ్లాసు మాత్రం గొడ్లచావిడి చూరులోనే ఉండేది. నాన్నగారు చెడ్డమనిషి కాదు. నిజానికి అక్కడ చెప్పాల్సింది అదే. వేదాల్లో ఉందా లేదా అన్న వాదనలోకి దిగకుండా, ఇంట్లో విన్నవీ ఊళ్లో చూసినవీ చెప్పమనండి. చాపకూడూ మనదే, చూరులో గ్లాసూ మనదే. గ్లాసు దాచి చాపకూడు ఒక్కటే చెబితేనే పలచనైపోతాం.

చర్చిల్లో మాత్రం కులం లేదా అని ఎదురడగాలనిపిస్తుంది. ఉంది, మన డెల్టాలో చూస్తూనే ఉన్నాం. కానీ వాళ్లడిగింది మన గురించి.

చిన్నపిల్లలకు ఇదంతా అక్కర్లేదు. ‘పుట్టుకను బట్టి కొందరిని దూరం పెట్టారు, అది తప్పు. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది, అయినా పూర్తిగా పోలేదు’ అంటే చాలు. అక్కడ దళిత కుటుంబాల తెలుగువాళ్లుంటే వాళ్ల తరఫున తను మాట్లాడొద్దనండి. అలాగని వాళ్లను నిలబెట్టి చెప్పమననూ వద్దు.

మీకూ ఒక మాట. అమ్మాయి ఫోన్లో కొత్త తెలుగువాళ్ల గురించి చెప్పగానే ‘ఇంటిపేరేంటి, వాళ్లేమిట్లు’ అని అడిగే అలవాటుంటే మానేయండి. పక్కనే ఉన్న మనవలకు ఆ మాత్రం తెలుగు అర్థమవుతుంది.