రక్తం పలచబడే మాత్ర వేసుకునేవారు పసుపు క్యాప్సూళ్లు వాడొచ్చా?

ప్రశ్న: మాది ఆర్మూర్ దగ్గర పల్లె. అమ్మకు 61 ఏళ్లు. ఏడేళ్ల కిందట గుండెలో మైట్రల్ వాల్వ్ తీసేసి మెటల్ వాల్వ్ పెట్టారు. అప్పటి నుంచి రక్తం పలచబడే ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటోంది. రెండు నెలల కిందట ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే అంకె) 2.8 ఉంది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేకపోతోందని డల్లాస్‌లో ఉండే తమ్ముడు పసుపు క్యాప్సూళ్లు పంపాడు. ఒక్కోటి 500 మిల్లీగ్రాములు. సీసా మీద 95 శాతం కర్క్యుమిన్ (పసుపులోని పసుపుపచ్చ పదార్థం), మిరియాల సారం, ‘20 రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుంది’ అని రాసి ఉంది. రోజుకు రెండు చొప్పున మూడు వారాలుగా వేసుకుంటోంది. నొప్పి కొంచెం నయమంటోంది. కానీ నాలుగు రోజులుగా పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. ‘పసుపు మనమే పండిస్తాం, పుట్టినప్పటి నుంచి తింటున్నాం, దాంతో ఏమవుతుంది’ అంటుంది అమ్మ. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా

జవాబు: ముందు చేయాల్సిన పని చెబుతాను, మిగతాది తర్వాత నింపాదిగా చదవండి. క్యాప్సూళ్లు ఈ రోజే ఆపేయండి. రేపు ఉదయం పరగడుపు అదీ ఇదీ అని చూడకుండా పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించండి. దాంతోపాటే లివర్ ఫంక్షన్ టెస్ట్ కూడా. రిపోర్టు రాగానే అమ్మగారికి గుండె వైద్యం చేస్తున్న డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. ఎసిట్రోమ్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, సగం చేయొద్దు. మెటల్ వాల్వ్ ఉన్నవారిలో ఆ మాత్ర పనితనం తగ్గితే వాల్వ్ మీద రక్తం గడ్డకడుతుంది, పక్షవాతం వస్తుంది. మలం నల్లగా తారులా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, పడిపోయి తలకు దెబ్బ తగిలినా పరీక్ష కోసం తెల్లారేదాకా ఆగకండి. రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

చిగుళ్ల నుంచి రక్తం రావడానికి పళ్ల జబ్బు కూడా కారణం కావచ్చు. కానీ మూడు వారాల కిందట కొత్త మందు మొదలైంది, అమ్మగారు రక్తం పలచబడే మాత్ర మీద ఉన్నారు. అలాంటప్పుడు నేను మొదట అనుమానించేది కొత్తగా వచ్చిన దాన్నే. న్యూజిలాండ్ మందుల భద్రతా విభాగం 2018లో ఇలాంటి కేసునే బయటపెట్టింది. వార్ఫరిన్ మీద నిలకడగా ఉన్న రోగి పసుపు ఉత్పత్తి ఒకటి మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఐఎన్‌ఆర్ 10 దాటిపోయింది. వార్ఫరిన్, ఎసిట్రోమ్ ఒక కుటుంబానికి చెందిన మందులు. మైట్రల్ మెటల్ వాల్వ్ ఉన్నవారికి మేము ఐఎన్‌ఆర్‌ను సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతాం. 10 అంటే ఎక్కడ రక్తస్రావం అవుతుందో చెప్పలేని స్థితి.

ఇక అమ్మగారి మాటకు వద్దాం. పసుపు ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, కొమ్ములు పాలిష్ పట్టించి మార్కెట్‌కు పంపే ఇంట్లో ఆమె అలా అనడంలో తప్పు లేదు. ఆ అనుభవం నిజమైనదే, పప్పులో కూరలో వేసే పసుపుకు అది పూర్తిగా వర్తిస్తుంది. తేడా ఎక్కడొచ్చిందో లెక్కగా చూపిస్తాను, ఆమెకు చదివి వినిపించండి.

పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతం ఉంటుంది. మనిషి రోజుకు రెండు మూడు గ్రాముల పసుపు తిన్నా అందులో కర్క్యుమిన్ 100 మిల్లీగ్రాములకు మించదు. అమ్మగారు వేసుకుంటున్న రెండు క్యాప్సూళ్లలో 950 మిల్లీగ్రాములు ఉంది. అంత కర్క్యుమిన్ పొడి రూపంలో కావాలంటే రోజూ 30 గ్రాములు, అంటే గుప్పెడు పసుపు తినాలి. ఆహారంలో రంగు కోసం కలిపే కర్క్యుమిన్‌కు ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌ఓల ఉమ్మడి నిపుణుల సంఘం పెట్టిన పరిమితి కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180. మీ క్యాప్సూళ్లు దానికి ఐదు రెట్లు దాటాయి. ఇదంతా మిరియాల సారం సంగతి ఎత్తకముందు లెక్క.

అసలు కథ ఆ మిరియాల సారంలోనే ఉంది. కర్క్యుమిన్ నీటిలో కరగదు. పేగు గోడ దాటిన కాస్తా అక్కడే, ఆ తర్వాత లివర్‌లో, వేరే రూపంలోకి మారిపోయి బయటకు వెళ్లిపోతుంది. రక్తంలో నిలవదు. పరిశోధకులను దశాబ్దాలుగా విసిగించిన సమస్య ఇదే: గాజు గిన్నెలో కణాల మీద అద్భుతంగా పనిచేస్తుంది, మనిషికి మింగిస్తే రక్తంలో జాడే ఉండదు. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో ఒక దారి చూపించారు. ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దాదాపు కనిపించలేదు. దాంతోపాటు మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే 2000 శాతం పెరిగింది. మీ సీసా మీద ఉన్న ‘20 రెట్లు’ మాటకు మూలం ఆ అంకెలే అయ్యుండాలి. అక్కడ గమనించాల్సింది ఒకటుంది. దాదాపు ఏమీ లేనిదానికి 20 రెట్లు పెరిగినా అది కొంచెమే. ఆ పెరుగుదల కూడా మొదటి గంట లోపే కనిపించింది. మోకాలికి ఎంత చేరిందో ఆ అధ్యయనం చూడలేదు.

మరి పైపరిన్ ఏం చేస్తుంది? పేగులో, లివర్‌లో బయటి పదార్థాలను విరిచి పంపేసే ఎంజైములను కాసేపు మందగింపజేస్తుంది. కాపలావాడిని పక్కకు తప్పించడం లాంటిది. కాపలా తప్పుకున్నాక లోపలికి వచ్చేది కర్క్యుమిన్ ఒక్కటే కాదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, గుండెకు వాడే ప్రొప్రనొలాల్, ఆయాసానికి వాడే థియోఫిలిన్... ఇవన్నీ పైపరిన్‌తో కలిస్తే రక్తంలో ఎక్కువగా కనిపించాయి.

ఈ గుణాన్ని మంచికి వాడిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది, అది నాకు చాలా ఇష్టమైనది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిపిన త్రికటు ఆయుర్వేదంలో చాలా మందుల్లోకి ఎందుకు వస్తోందో చూద్దామని జమ్ములోని ప్రభుత్వ పరిశోధనశాల శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన పని చివరికి క్షయ మందు దాకా వెళ్లింది. రిఫాంపిసిన్ మామూలుగా 450 మిల్లీగ్రాములు ఇచ్చే చోట, 10 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి 200తోనే సరిపెట్టేలా రిసోరిన్ అనే క్యాప్సూల్ తయారైంది. ఒక మిరియం గింజ బరువు కూడా లేని పైపరిన్ ఒక పెద్ద మందు మోతాదును సగానికి పైగా తగ్గించగలిగింది! అక్కడ ప్రతి అంకె కొలిచారు, రోగుల మీద పరీక్షించారు, అనుమతి తీసుకున్నారు. మీ ఇంట్లో అదే పైపరిన్ ఎసిట్రోమ్ పక్కన కొలత లేకుండా కూర్చుంది. నా భయం అక్కడే.

మొక్కల నుంచి వచ్చిన మందును ఒంట్లోకి చేర్చే పద్ధతి మారితే అది వేరే మందే అయిపోతుందని క్యాన్సర్ వైద్యంలో బాగా తెలుసు. అమెరికా పడమటి తీరంలో పెరిగే యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్ కూడా కర్క్యుమిన్‌లాగే నీటిలో కరగదు. ఆముదం నుంచి చేసిన ద్రావకంలో కలిపి ఎక్కించేవారు. ఆ ద్రావకం కొందరిలో తీవ్రమైన అలర్జీ తెచ్చేది. తర్వాత మన రక్తంలో ఉండే ఆల్బుమిన్ ప్రోటీన్‌తోనే దాన్ని నానో (అతి సూక్ష్మమైన) కణాలుగా చుట్టారు. 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో పాత రూపానికి శరీర ఉపరితలం చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాములు, కొత్త రూపానికి 260. ఒకదాని బదులు ఇంకొకటి వాడొద్దని స్పష్టంగా రాస్తారు. ‘నానో’ అన్న మాటకు అసలైన బరువు అది. పసుపు సీసాల మీద నానో అని, లిపోజోమ్ (కొవ్వు పొరతో చేసిన సూక్ష్మ బుడగ) అని రాసే వాటిలో చాలావాటికి వెనక ఆ స్థాయి పరీక్షలు లేవు. అమెరికాలో సప్లిమెంట్లను అమ్మే ముందు అవి పనిచేస్తాయని అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర రుజువు చేయనక్కర్లేదు. అందుకే అమెరికా నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అయ్యుంటుందని తమ్ముడు అనుకుంటే ఆ నమ్మకం సరికాదు. ప్రేమతో పంపాడు, అతన్ని కోప్పడకండి.

లివర్ టెస్ట్ ఎందుకన్నానో కూడా చెప్పాలి. మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులను గమనించే అమెరికా వైద్యుల నెట్‌వర్క్ 2004 నుంచి 2022 వరకు పసుపు ఉత్పత్తుల వల్ల అలా జరిగిన 10 మందిని గుర్తించింది. అందులో ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురిలో ఒకే రకం జన్యువు కనిపించింది, అంటే కొందరి ఒంటి తత్వమే దీనికి పడదు. ఆస్ట్రేలియా, ఇటలీ ప్రభుత్వాలు కూడా హెచ్చరికలు ఇచ్చాయి. కోట్లమంది వాడుతున్న వాటిలో ఇవి అరుదైనవే. కానీ కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపులో వచ్చినా, అన్నం సహించకపోయినా ఈ సీసా సంగతి డాక్టరుకు చెప్పడం మరవొద్దు.

నొప్పి తగ్గిందన్న మాటను నేను కొట్టిపారేయను. థాయ్‌లాండ్‌లో 367 మంది మోకీళ్ల అరుగుదల రోగుల మీద జరిగిన అధ్యయనంలో పసుపు సారం నాలుగు వారాల్లో ఇబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రకు తీసిపోకుండా నొప్పి తగ్గించింది. ఆస్ట్రేలియాలో 70 మంది మీద 12 వారాలు చూసినప్పుడు కూడా నొప్పి కొంత తగ్గింది, కానీ ఎంఆర్‌ఐలో కీలు లోపలి వాపు తగ్గలేదు. రక్తం పలచబడే మాత్ర వాడని మనిషి అడిగి ఉంటే నా జవాబు ఇంత కఠినంగా ఉండేది కాదు.

అమ్మగారి మోకాళ్లకు వేరే దారి చూద్దాం. షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ మాత్రలు కొనివ్వొద్దు, ఎసిట్రోమ్‌తో అవి కడుపులో రక్తస్రావం తెస్తాయి. పారాసిటమాల్ వాడొచ్చు, అయితే రోజూ వాడితే అది కూడా ఐఎన్‌ఆర్‌ను పెంచగలదు కాబట్టి డాక్టరుకు చెప్పి వాడండి. వేడి కాపడం, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం బాగా పనికొస్తాయి. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి పది అంకెలు లెక్కపెట్టి దించాలి, ఇలా ఒక్కో కాలికి పదిసార్లు, పూటకోసారి. కింద కూర్చోవడం, గొంతుకూర్చోవడం మానేయాలి. బరువు ఎక్కువుంటే నాలుగైదు కిలోలు తగ్గినా మోకాలికి తెలుస్తుంది.

కూరలో పసుపు ఎప్పటిలాగే వేసుకోమనండి, అది తగ్గించక్కర్లేదు. క్యాప్సూళ్ల సీసా పారేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, వెనక వైపు ఉన్న చిన్న అక్షరాలే ఆయనకు కావాలి. క్యాప్సూళ్లు ఆపాక ఐఎన్‌ఆర్ మళ్లీ కిందికి దిగొచ్చు, కాబట్టి రేపటి పరీక్షతో సరిపెట్టకుండా వారం తర్వాత ఇంకోసారి చేయించండి.