అమెరికాలో సైక్లోస్పోరా అంటున్నారు, హన్మకొండలో కొత్తిమీర మానేయాలా?

"డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసి పచ్చి కొత్తిమీర తినొద్దంటోంది, నిజమేనా?" అని అడిగారు. మానేయక్కర్లేదండీ. కానీ అమ్మాయి భయం ఉత్తదేం కాదు.

సైక్లోస్పోరా కంటికి కనపడని పరాన్నజీవి. మలం కలిసిన నీళ్లు ఆకుకూరలకు తగిలితే వాటితోపాటు మన కడుపులోకి వస్తుంది. మెక్సికోలోని ప్యూబ్లా నుంచి వచ్చే కొత్తిమీరను 2015లో అమెరికా వేసవి నెలల్లో ఆపేసింది కూడా ఇందుకే. ఒంట్లోంచి బయటపడ్డాక అంటుకునే దశకు రావడానికి దానికి వారం, రెండు వారాలు పడుతుంది. అందుకే పక్కమనిషి నుంచి నేరుగా అంటదు.

చిక్కేమిటంటే, క్లోరిన్ నీళ్లకు ఇది చావదు. ఉప్పునీళ్లలో నానబెట్టినా అంతే (మా ఇంట్లో ఇప్పటికీ నానబెడతారు, మట్టి పోతుంది లెండి). వేర్లు కోసేసి, రెమ్మలు విడదీసి, ధారకింద రెండు మూడుసార్లు కడిగితే చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఉడికితే మాత్రం చస్తుంది. పప్పులో వేసి మరిగించిన కొత్తిమీరతో పేచీ లేదు. పచ్చిపులుసు పొయ్యెక్కదు కదా, జాగ్రత్తంతా అక్కడే. లక్ష్మీపురం మార్కెట్లో కట్టమీద చల్లే నీళ్లు ఎక్కడివో కూడా ఓసారి చూడండి.

తిన్న వారానికి నీళ్ల విరేచనాలు మొదలై తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంటే, ఆకలి చచ్చి నీరసంగా ఉంటే, ఓఆర్‌ఎస్ తాగుతూ డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. మామూలు మలపరీక్షలో ఇది తప్పిపోవచ్చు, పేరు చెప్పి అడగాలి. సల్ఫా మందుకు లొంగుతుంది, కానీ మెడికల్ షాపులో అడిగి మింగేది కాదు.