గండికోట నీళ్లలో ఫైబర్ బోటు: మోటారు వేడెక్కుతోంది, వెనక మూల నీళ్లు ఊరుతున్నాయి, ఏం చూసుకోవాలి?

అన్నా, మీరు అడిగింది ఇదీ. పదహారు అడుగుల ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు, రెండూ సెకండ్ హ్యాండ్‌వి. ఎండాకాలమంతా గట్టు మీదే ఉన్నాయి. ఇప్పుడు గండికోట నీళ్లలో దించితే కాసేపటికే మోటారు వేడెక్కి ఆగిపోతోంది, వెనక మూలలో నీళ్లు చేరుతున్నాయి. పక్కనే ఇంకో ముగ్గురికి బోట్లున్నా పని తెలిసినవాళ్లు లేరు.

మోటారుతో వచ్చే పుస్తకాలు ఎక్కువగా సముద్రాన్ని మనసులో పెట్టుకుని రాసినవి. ఉప్పు కడగమంటాయి, తుప్పు చూడమంటాయి. మన సీమ జలాశయాల్లో బోటును తినేవి వేరే: ఎండ, ఒండ్రు, దిగిపోయే నీటి మట్టం, నెలల తరబడి కదలకుండా పడి ఉండటం. మీ రెండు సమస్యలూ వీటి నుంచి వచ్చినవే అనుకుంటున్నాను. ఆ లెక్కనే చెబుతాను.

ముందు మోటారు. స్టార్ట్ చేయగానే తల కింద వెనక పక్క నుంచి సన్నగా నీటి ధార చిమ్మాలి. ఆ ధార లేకపోయినా, నీరసంగా కారుతున్నా వెంటనే ఆపేయండి. ఇంకొక్క నిమిషం నడిపితే ఏమవుతుందోనని చూడొద్దు, పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని పట్టేస్తుంది. మొదట ఆ చిన్న రంధ్రంలో సన్నని తీగ పెట్టి తిప్పండి. గట్టు మీద ఉన్నప్పుడు మట్టి గూడు కట్టే కందిరీగలు దాన్ని మూసేస్తాయి. మోటారు చల్లగానే ఉండి ధార మాత్రం రాకపోతే కారణం చాలాసార్లు ఇదే. తర్వాత ప్రొపెల్లర్‌కు పైన కాలికి (మోటారులో నీళ్లలోకి దిగే కింది భాగం) రెండు పక్కలా ఉన్న జల్లెడలు చూడండి. గుర్రపు డెక్క వేళ్లు, ప్లాస్టిక్ కవరు అక్కడే అతుక్కుంటాయి.

రెండూ శుభ్రంగా ఉంటే ఇక ఇంపెల్లరే. కింది కాలిలో నీళ్లు తోడే రబ్బరు చక్రం అది. దాని రెక్కలు ఎప్పుడూ ఒక పక్కకు వంగే ఉంటాయి. కదలకుండా నాలుగైదు నెలలు ఎండలో ఉంటే ఆ వంపులోనే గట్టిపడిపోయి మళ్లీ విచ్చుకోవు. సముద్రం మోటారుకు రెండేళ్లు వచ్చే ఇంపెల్లర్ ఇక్కడ ఒక్క ఎండాకాలానికే పోవచ్చు. పైగా వరద నీళ్లలో వచ్చే సన్న ఇసుక రెక్కల అంచులను, కింది స్టీలు ప్లేటును అరగదీస్తుంది. సెకండ్ హ్యాండ్ మోటారు కొన్నాక, అమ్మినవాళ్లు ఏం చెప్పినా సరే, ఇంపెల్లర్ కొత్తది వేయడమే మంచిది.

మార్చే పద్ధతి చెబుతాను. స్పార్క్ ప్లగ్ వైర్లు పీకేయండి, పొరపాటున స్టార్ట్ కాకుండా. గేరు కడ్డీ జాయింటు విప్పి, కాలికి ఉన్న బోల్టులు తీసి, కింది భాగాన్ని నిటారుగా కిందికి లాగండి. పంపు మూత బోల్టులు తీస్తే ఇంపెల్లర్ కనిపిస్తుంది. షాఫ్ట్‌కూ ఇంపెల్లర్‌కూ మధ్య చిన్న కీ ముక్క ఉంటుంది, అది గడ్డిలో పడిందంటే దొరకదు. కింద గుడ్డ పరుచుకుని పని చేయండి. పాత ఇంపెల్లర్ రెక్కల్లో ఏదైనా తెగిపోయి ఉంటే ఆ ముక్క ఎక్కడుందో వెతకాల్సిందే. అది పై గొట్టంలోనో థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని నీళ్లను వదిలే కవాటం) దగ్గరో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వదిలేసి కొత్త ఇంపెల్లర్ వేస్తే మళ్లీ అదే వేడి. ప్లేటు మీద గోరుకు తగిలే గీతలుంటే ప్లేటూ మార్చండి. కొత్త ఇంపెల్లర్‌కు సబ్బు నీళ్లు రాసి, షాఫ్ట్‌ను గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పుతూ లోపలికి నెట్టండి, రెక్కలు సరైన పక్కకు వంగుతాయి. గాస్కెట్ కొత్తదే వాడండి. కాలిని తిరిగి ఎక్కించేటప్పుడు నీటి గొట్టం కొస దాని రబ్బరులో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. కూర్చోకపోతే ఇంపెల్లర్ తోడిన నీళ్లు లోపలే కారిపోతాయి. షాఫ్ట్ పళ్ల పక్కలకు గ్రీజు రాయండి కానీ పైకొసకు రాయొద్దు. అక్కడ గ్రీజు గడ్డ ఉంటే షాఫ్ట్ పూర్తిగా ఎక్కదు.

పరీక్షకు నేరుగా జలాశయానికి వెళ్లనక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు పోసి, ప్రొపెల్లర్ తీసేసి, జల్లెడలు బాగా మునిగేలా మోటారును బిగించి న్యూట్రల్‌లో నడపండి. నీళ్లు లేకుండా "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనే అలవాటు మానాలి. పొడిగా తిరిగితే కొత్త ఇంపెల్లర్ కూడా క్షణాల్లో కాలుతుంది. డ్రమ్ములో ధార బాగా వచ్చి, బోటు మీద మాత్రం వేడెక్కుతోందంటే మోటారు ఎత్తుగా బిగించారేమో చూడండి. ప్రొపెల్లర్ పైనున్న అడ్డ రేకు బోటు అడుగుకు సమానంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి. అంతకంటే పైనుంటే గాలిని పీలుస్తుంది. థర్మోస్టాట్‌ను వేడి నీళ్ల గిన్నెలో వేస్తే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి, అంతేగాని తీసి పారేసి నడపొద్దు. అలా నడిపితే మోటారు ఎప్పుడూ చల్లగానే తిరిగి ప్లగ్‌లు మసిబారిపోతాయి.

వేడికి ఇంకో కారణం పెట్రోలు. దీన్ని శానామంది పట్టించుకోరు. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఔట్‌బోర్డ్ మాన్యువళ్లు చాలావరకు 10 శాతం దాకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగుతాయి. మనం కలిపిన టూ-స్ట్రోక్ (2టీ) ఆయిల్ ఆ పొరలో ఉండదు. మోటారుకు అడుగు నుంచే సరఫరా కాబట్టి ఆయిల్ లేని ఇంధనం లోపలికి పోయి పిస్టన్ పట్టేస్తుంది. ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి పెట్రోలు తీసి అరగంట కదపకుండా పెట్టండి. రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. రెండు వారాల్లో వాడేసేంత పెట్రోలే కొనండి. ఆయిల్ కొలత 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. కొత్త పిస్టన్, రింగులు వేసిన మొదటి గంటల్లో చాలా మోటార్లకు దీనికి రెట్టింపు, 40 మి.లీ. కావాలి. ఆయిల్ డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి, నీళ్లతో చల్లబడే బోటు మోటార్ల ఆయిల్ గుర్తు అది. బైకులకు పోసే 2టీ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, నీళ్లతో చల్లబడే ఇంజన్లో దాని బూడిద పేరుకుంటుంది. పాత పెట్రోలు గొట్టం, చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. బల్బు రాయిలా గట్టిపడినా, నొక్కితే తిరిగి లేవకపోయినా మార్చండి.

గేర్ ఆయిల్ కూడా ఇప్పుడే చూసేయండి. కింది ప్లగ్ విప్పి రెండు చుక్కలు తీస్తే చాలు. పాల టీ రంగులో ఉందంటే నీళ్లు దూరాయి. ప్రొపెల్లర్ తీసి వెనకాల చూస్తే కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది: షాఫ్ట్‌కు చుట్టుకున్న నైలాన్ వల దారం. వేగంగా తిరుగుతూ అది ఆయిల్ సీల్‌ను కోసేస్తుంది. మైలవరం, గండికోట, బ్రహ్మంసాగర్, వెలుగోడు ఎక్కడైనా వలలు వేస్తారు కాబట్టి నెలకోసారి ప్రొపెల్లర్ తీసి చూడటం తప్పదు. ఆయిల్ నింపేటప్పుడు కింది రంధ్రం నుంచి ఎక్కించండి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా పొంగాక ముందు పైది, తర్వాత కిందిది బిగించండి. పై నుంచి పోస్తే మధ్యలో గాలి నిలుస్తుంది. ఈ సైజు మోటారుకు పావు లీటరు నుంచి 400 మి.లీ. లోపే పడుతుంది. ప్లగ్‌ల వాషర్లు ప్రతిసారీ కొత్తవి.

ఇక నీళ్లు ఊరడం. బోటు నీళ్లలో ఉండగా ఎక్కడ కారుతోందో వెతకడం వృథా. గట్టు మీద సమంగా ఆనించి, లోపల నాలుగు అంగుళాలు మించకుండా నీళ్లు పోయండి. బయట చెమ్మ ఎక్కడ కనిపిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. మీది వెనక మూల కాబట్టి మూడింటిని అనుమానించాలి: డ్రెయిన్ ప్లగ్ రబ్బరు, మోటారు బిగించిన బోల్టులు, రాళ్ల మీద ఈడ్చినందువల్ల అరిగిన మూల. మొదటిది అయిదు నిమిషాల పని. మూడోది ఫైబర్ పని. రెండోది మాత్రం తేలికగా తీసుకోకూడదు.

ఎందుకంటే వెనక గోడ లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రం నుంచి నీళ్లు దూరితే అది లోలోపల కుళ్లుతుంది, పైన ఫైబర్ మాత్రం నిగనిగలాడుతుంది. సుత్తి పిడితో గోడంతా తట్టండి. గట్టి చోట టంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దు శబ్దం వస్తుంది. మోటారు తల పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే గోడ వంగుతోందా చూడండి. అనుమానం ఉంటే లోపలి వైపు నుంచి 4 మి.మీ. రంధ్రం వేయండి. పొట్టు తెల్లగా పొడిగా వస్తే సరే. నల్లగా తడిగా వస్తే ఆ చెక్క మార్చాల్సిందే, అప్పటిదాకా మనుషుల్ని ఎక్కించొద్దు. మోటారు గోడతో సహా ఊడి నీళ్లలో పడే ప్రమాదం అది. కొత్త ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అదే మెరైన్ గ్రేడ్. ఇళ్ల వంటగదులకు వాడే ఐఎస్ 303 పనికిరాదు. అంచులు, రంధ్రాల లోపలి భాగాలు అన్నిటికీ రెజిన్ పట్టించాలి. చెక్క బాగానే ఉంటే బోల్టులు తీసి, రంధ్రాలు ఆరనిచ్చి, పాలీయురేథేన్ సీలెంట్ పెట్టి బిగించండి. బాత్‌రూమ్ సిలికాన్ వద్దు, దాని మీద తర్వాత ఏదీ అంటదు.

ఫైబర్ అతుకుకు మన ఎండే పెద్ద చిక్కు. పాలియెస్టర్ రెజిన్, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే చాప్డ్ మ్యాట్ (గాజు పోగుల పరుపు) తెచ్చుకోండి. 30 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు ఉన్న అతుకుకు మూడు పొరలంటే మ్యాట్ 120 గ్రాములు, రెజిన్ 300 గ్రాములు సరిపోతాయి. క్యాటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) 1 శాతం, అంటే ఆ మొత్తానికి 3 మి.లీ. త్వరగా గట్టిపడాలని 2 శాతం పోస్తే ఇక్కడి ఎండకు మగ్గులోనే పొగ వస్తుంది. 100 గ్రాముల చొప్పున, వెడల్పు పళ్లెంలో కలపండి. తెల్లవారుజామున నీడలో చేయండి. కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం) విడిగా ఇచ్చి ఉంటే ముందు దాన్ని రెజిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్ట్ వేయాలి. కోబాల్ట్, క్యాటలిస్ట్ నేరుగా ఒకదాంట్లో ఒకటి పడితే పేలుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు.

అతుకు వేసే ముందు పగులు చుట్టూ 36 లేదా 40 నంబరు డిస్కుతో వాలుగా అరగదీయండి, మందానికి పన్నెండు రెట్ల వెడల్పు వాలు. మందం 5 మి.మీ. అయితే అన్ని వైపులా 6 సెం.మీ. పాత ఓనరు అక్కడ ఎం-సీల్ మెత్తి ఉంటే దాన్ని మొత్తం చెక్కేయాలి. అది ఎపాక్సీ, దాని మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. అతికిన ప్రతి చోటూ రెండు నెలల్లో మళ్లీ ఊడుతోందంటే కారణం ఇదే, లేదా లోపల తడి ఆరకముందే వేసి ఉంటారు. చివరి పొర మీద పాలిథీన్ షీటు పరిచి గాలి లేకుండా ఒత్తండి, లేకపోతే పైభాగం జిగటగానే ఉండిపోతుంది. అడుగున చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తే కంగారు వద్దు. మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే సులువుగా జెల్‌కోట్‌ (ఫైబర్ మీది నున్నటి రంగు పొర) లోంచి లోపలికి ఇంకుతాయి. ఏటా ఎండాకాలం గట్టెక్కించి ఆరబెట్టడమే దానికి మందు.

మోటారుకు తగిలించే ఆనోడ్ ముక్క (మోటారు బదులు తాను తుప్పుపట్టి అరిగే లోహం) కూడా సముద్రం లెక్కే. జింకు ముక్క మంచినీళ్లలో పైన పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. మెగ్నీషియంది గానీ అల్యూమినియంది గానీ అడిగి తెప్పించండి. దానికి పెయింటు వేయకూడదు.

వచ్చే ఎండాకాలం గట్టెక్కించేటప్పుడు పెట్రోలు గొట్టం పీకి, డ్రమ్ములో ఆగిపోయేదాకా మోటారును నడపండి, కార్బొరేటర్ ఖాళీ అవుతుంది. ప్లగ్‌లు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ పోసి తాడు రెండుసార్లు మెల్లగా లాగండి. మోటారును నిటారుగా నిలబెట్టి, నెలకోసారి తాడును కాస్త లాగుతుంటే ఇంపెల్లర్ రెక్కలు ఒకే వంపులో ఉండిపోవు. బోటు ముక్కు ఎత్తుగా, డ్రెయిన్ ప్లగ్ తీసి, అడుగంతా అక్కడక్కడా ఆధారాలతో పెట్టాలి. రెండు రాళ్ల మీద ఆనిస్తే ఎండకు అడుగు మధ్యలో కుంగుతుంది. పట్టా బోటుకు అంటకుండా కర్రల మీద కప్పండి.

నలుగురికీ ఒకే కంపెనీ, ఒకే మోడల్ మోటార్లు ఉన్నాయా? ఉంటే విడిభాగాలు ఉమ్మడిగా ఒక పెట్టెలో పెట్టుకోండి. ఇవి కడపలో అడిగిన వెంటనే దొరికేవి కావు. రెండు ఇంపెల్లర్ కిట్లు, స్పార్క్ ప్లగ్‌లు నాలుగు, గేర్ ఆయిల్ లీటరు, వాషర్లు, ప్రొపెల్లర్ పిన్నులు, ఒక బల్బు, ఒక పెట్రోలు ఫిల్టరు చాలు. పెట్టెలోనే ఒక నోటు పుస్తకం కూడా ఉండాలి: ఏ మోటారుకు ఏ తేదీన, ఎన్ని గంటలు నడిచాక ఏం మార్చారు, తీసిన ఆయిల్ ఏ రంగులో ఉంది. గేర్ ఆయిల్ 100 గంటలకు గానీ ఆరు నెలలకు గానీ మార్చాలి, రాసుకోకపోతే ఎవరికీ గుర్తుండదు.

నీటి మట్టం సంగతి. శ్రీశైలంలో ఎండాకాలం మట్టం ఎంత దిగుతుందంటే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. మీ గండికోట జలాశయంలో 2020లో తాళ్లప్రొద్దుటూరు అనే ఊరు మునిగింది. మట్టం దిగినప్పుడు పాత గోడలు, స్తంభాలు, తుమ్మ మోడులు నీటికి అడుగు లోతులోనే ఉంటాయి, పైనుంచి కనిపించవు. ఒడ్డున కట్టిన బోటు తాడును మట్టం మారినప్పుడల్లా సరిచేయాలి. బిగుతుగా కట్టి వదిలేస్తే నీళ్లు దిగాక బోటు బండ మీద ఒరిగి మూల పగులుతుంది, మీ వెనక మూల సంగతి కూడా అదే కావచ్చు. లంగరు తాడు లోతుకు కనీసం అయిదు రెట్లు ఉండాలి. మునిగిన ఊరి వైపు వెళ్తే వేగం తగ్గించి, ముందు ఒక మనిషిని పొడవాటి కర్రతో కూర్చోబెట్టండి. ప్రొపెల్లర్ పిన్ను, పట్టకారు, ఒక జత తెడ్లు బోటులోనే ఉండాలి.